అడ్డం, నిలువు, కాస్త వంకర

మీలో గళ్ళనుడికట్టు పూరించే అలవాటున్నవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. ఎత్తారా? ఇప్పుడు సరదాగా మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో మానేసినవాళ్ళు ఎత్తండి. అదీ సంగతి! రెండోసారి లేచిన చేతులే ఎక్కువని నాకు ముందే తెలుసు. ఈ కబుర్లు మీ కోసమే. మొదటి రకం వాళ్ళు కావాలంటే కాఫీ తాగుతూ పక్కన కూచుని నేను చెప్పేవాటిలో తప్పులు వెతుక్కోవచ్చు. ఎలాగూ వాళ్ళకి అదే పని.

మానేసినవాళ్ళని ఎందుకు మానేశారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "మనకంత తెలుగు రాదండీ!" ఈ మాట నేను ఒప్పుకోను. తెలుగులో పెద్ద పట్టాలున్న పండితులు మూడు గళ్ళు నింపి కళ్ళజోడు తుడుచుకుంటూ కూచోవడం చూశాను. కిరాణా కొట్లో పొట్లాలు కట్టుకుంటూ మధ్యమధ్యలో గడంతా ఊదిపారేసినవాళ్ళనీ చూశాను. భాష రావడం ఒకటి, ఆట పట్టుబడడం ఇంకొకటి. ఈ ఆటకి రాయని చట్టం ఒకటుంది. దాన్ని పత్రికలవాళ్ళు ఎక్కడా అచ్చెయ్యరు. "కింది ఆధారాలతో గళ్ళు నింపండి" అని ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకుంటారు. మిగతాదంతా మొట్టికాయలు తింటూ మనమే నేర్చుకోవాలి.

ఒక ఆధారం చూడండి. "మర తిరిగితే లక్ష్మి (2)". చివరనున్న 2 అంటే జవాబు రెండు గళ్ళది. కొత్తగా వచ్చినవాళ్ళకి వెంటనే బియ్యం మర గుర్తొస్తుంది. మిల్లు ఆడితే డబ్బొస్తుంది కదా, కాబట్టి "సిరి" అని రాసేస్తారు. అర్థం కుదిరింది, గళ్ళూ సరిపోయాయి. తీరా చూస్తే నిలువు మాట ఒక్కటీ పడదు. పాతకాపులు ఆ వాక్యం ఏం చెబుతోందో అసలు పట్టించుకోరు. "మర" అన్న రెండక్షరాలనీ వెనకనుంచి చదువుతారు. రమ! సాక్షాత్తూ లక్ష్మీదేవి. తిరగాల్సింది మిల్లు చక్రం కాదు, అక్షరాలు.

ఇలా తిరగేసి చదవడం మనకి కొత్తేమీ కాదు. మరా మరా అంటూ మొదలుపెట్టి రామనామం దాకా వెళ్ళిన బోయవాడి కథ వినకుండా పెరిగిన తెలుగువాడెవడు? కానీ కథలో విన్నప్పుడు వెలిగే దీపం గళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆరిపోతుంది. ఒకసారి కిటుకు తెలిశాక మాత్రం ఎక్కడ చూసినా అవే కనిపిస్తాయి. పలక తిరగేస్తే కలప. గడప తిప్పితే పడగ. మీ ఇంటి గుమ్మంలో ఇన్నాళ్ళూ పాము పడగ పెట్టుకుని కూచుందని మీకు తెలుసా? నాకు ఇది తెలిసిన రోజు రాత్రి గడప దాటుతుంటే ఒక్క క్షణం కాలు ఆగింది. నవ్వకండి.

కూర్పరులకి ఇలాంటి సైగ మాటలు బోలెడు. (గడి తయారుచేసేవారిని కూర్పరి అంటారు లెండి. ఇంకా చాలా అంటారు గానీ అవి అచ్చులో బాగుండవు.) తిరిగి, మరల, వెనక్కి, ఎదురు, తలకిందులు, శీర్షాసనం అని కనిపిస్తే అక్షరాలు వెనకనుంచి చదవాలి. చెదిరింది, తడబడింది, కలగాపులగం, కంగాళీ అంటే అక్షరాలు అటూ ఇటూ మారాయన్నమాట. తల తీసేస్తే, తోక తెగితే, గుండె లేకపోతే అన్నప్పుడు ఎక్కడ కోత పడిందో వేరే చెప్పక్కర్లేదు. "చివర తెగిన కవిత ఎవరు రాశారు? (2)" అని అడిగితే "కవి" అని రాసుకుని ముందుకెళ్ళిపోవడమే. కొన్ని ముక్కలు అతుక్కుని వస్తాయి. "మన్మథుడి పల్లె రాయలసీమలో ఉంది (5)" అంటే మదనుడికి పల్లె తగిలించి మదనపల్లె. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేవి దాగుడుమూతల ఆధారాలు. "ఉమా లతికల నడుమ పూలతీగ (3)". ఇద్దరమ్మాయిలు పెరట్లో నిలబడ్డట్టు, మధ్యలో ఏదో తీగ పాకినట్టు బొమ్మ కట్టేస్తుంది. ఆ బొమ్మ మాయలో పడితే జాజి, మల్లె, విరజాజి అంటూ పొద్దున్నించి సాయంత్రం దాకా పూలు కోసుకుంటూ ఉండొచ్చు. ఉ, మా, ల, తి, క. ఇప్పుడు నడుమ చూడండి. మాలతి. జవాబు కళ్ళ ముందే అచ్చయి ఉంది, మనమే చూడలేదు.

కూర్పరి అబద్ధం ఆడకూడదు. అది ఆట ధర్మం. కానీ ధర్మరాజు కూడా అబద్ధమాడలేదు కదా! అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అని, ఏనుగు అన్న మాట గొంతు తగ్గించి అన్నాడంతే. ఆధారంలో ఆ గొంతు తగ్గించిన మాట ఎక్కడుందో పట్టుకోవడమే మన పని. చాలాసార్లు అది చివరనున్న ప్రశ్నార్థకంలోనో, చూడ్డానికి ఉబుసుపోకకి వేసినట్టుండే "తిరిగి" అన్న ముక్కలోనో ఉంటుంది. మంచి కూర్పరి ఊరికే ఏ మాటా వెయ్యడు.

ఇంతవరకూ ఇంగ్లీషు పేపర్లలో వచ్చే గూఢమైన క్రాస్‌వర్డ్ అలవాటున్నవాళ్ళకి పెద్ద ఇబ్బంది ఉండదు. వాళ్ళకి మన దగ్గర తగిలే అసలు దెబ్బ వేరే ఉంది. అది చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి.

"కాలం తలకిందులైంది (3)" అని ఒక నిలువు ఆధారం ఉందనుకోండి. ఇంగ్లీషు పద్ధతిలో అయితే తిరగేసిన తరవాత వచ్చేది నిఘంటువులో ఉండే మాట కావాలి. మన వారపత్రికల గళ్ళలో చాలాచోట్ల అలా కాదు. కాలం అంటే సమయం. దాన్ని తలకిందులు చేసి, పైనుంచి యం, మ, స అని గళ్ళలోనే అలా రాసెయ్యాలి! "యంమస" అనే మాట తెలుగులో లేదు, సంస్కృతంలో లేదు, ఏ భాషలోనూ ఉండదు. అయినా అదే సరైన పూరణ. ఇంగ్లీషు గళ్ళలో తలపండిన ఒక బంధువు మొదటిసారి ఇది చూసి, అచ్చుతప్పనుకుని పత్రికకి ఉత్తరం రాయబోయారు. ఇంట్లోవాళ్ళు ఆపారు.

ఇదేం న్యాయమండీ అని మీరు అడుగుతారు. నేనూ అడిగేవాణ్ణే, ఒక గడి స్వయంగా కూర్చడానికి కూచునేదాకా. ఇంగ్లీషువాడికి ఉన్నవి 26 అక్షరాలు. ఏ మాటనైనా ఏ మాటకైనా అడ్డంగా కుట్టెయ్యొచ్చు. మనకి హల్లులే ముప్ఫై పైచిలుకు. ఒక్కోదానికీ ఒక గుణింతం, ఆ పైన ఒత్తులు. క వేరు, కా వేరు, క్క వేరు, క్ష వేరు. గడిలో పట్టేది పూర్తి అక్షరం, గుణింతంతో ఒత్తుతో సహా. అడ్డం మాటలో "కి" పడితే నిలువు మాటలోనూ సరిగ్గా "కి" ఉండాలి, "కీ" ఉంటే కుదరదు. విశ్వవిద్యాలయం అని ఆరు గళ్ళు నింపుకుని సంబరపడండి. ఇప్పుడు "శ్వ" మీదుగా ఒక నిలువు మాట కావాలి. శ్వాస ఉందా, అక్కడ శ్వా. ఈశ్వరుడు పడుతుంది. "ద్యా" మీదుగా ఉద్యానం, విద్యార్థి, కాకపోతే నంద్యాల. ఇక చివరనున్న "యం" నుంచి కిందికి దిగే మాట కావాలి. యం అనే అక్షరంతో మొదలయ్యే మాట యంత్రం తరవాత ఇంకోటి చెప్పండి చూద్దాం. అదే చివర్లో యం ఉన్న మాటలు కావాలంటే సమయం, భయం, ఉదయం, హృదయం, ఎన్నయినా ఉన్నాయి. అందుకని సమయాన్ని పట్టుకొచ్చి కాళ్ళు పైకి, తల కిందికి పెట్టి వేలాడదీస్తాడు కూర్పరి. పాపం, అతని బాధ అది.

బాధ అర్థమైంది కదా అని నేను పూర్తిగా క్షమించలేదు. ఒక గడికి ఒకటి, మహా అయితే రెండు, అలా వేలాడితే సరే. ఆరేడు ఉంటే మాత్రం ఆ కూర్పరి పని ఎగ్గొట్టాడని నా తీర్పు. తిరగేసినవాటికన్నా చెదరగొట్టినవి మరీ అన్యాయం. "కాలం చెల్లాచెదురైంది" అంటే మసయం అని రాయాలా, యంసమ అని రాయాలా? అడ్డం మాటలు చెప్పాలి. కాబట్టి చెదిరిన మాటలో ఒకటి తప్ప ప్రతి అక్షరం మీదుగా ఒక మాట నడవాలి. రెండు గళ్ళకి అలా లేకపోతే పూరించేవాడు జాతకం చూపించుకోవాల్సిందే.

ఇంగ్లీషువాళ్ళు ఈ న్యాయాన్యాయాలు ఎప్పుడో తేల్చుకున్నారు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్ళు వేసి ఈ ఆటకి కొబ్బరికాయ కొట్టాడు. అందులో ఆధారాలు సూటిగా ఉండేవి. దాన్ని వంకర్లు తిప్పింది బ్రిటన్‌వాళ్ళు. 1926లో అబ్జర్వర్ పత్రికలో టార్కెమాడా అన్న కలం పేరుతో ఒకాయన మొదలుపెట్టాడు. టార్కెమాడా ఎవరంటే, ఒకప్పుడు స్పెయిన్‌లో మతవిచారణ పేరుతో జనాన్ని చిత్రహింసలు పెట్టించిన అధికారి. పాఠకుల్ని ఏం చెయ్యబోతున్నాడో పేరులోనే చెప్పాడన్నమాట! ఆయన తరవాత 1939లో వచ్చినాయన ఆ కోవలోనే జిమెనెస్ అని పెట్టుకున్నాడు. ఈయన 1966లో ఏకంగా పుస్తకం రాశాడు. ఆధారంలో అర్థం ఉండాలి, ఆ మాటని చేరుకునే రెండో దారి ఉండాలి, అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ ఉండకూడదని ఆయన సంప్రదాయంలో వచ్చినవాళ్ళు ఇప్పటికీ పట్టుబడతారు. 1972 నుంచి వచ్చిన మూడో ఆయన పేరు అజెడ్. ఇదీ ఒక విచారణాధికారి పేరే, డెజా. ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదువుకోవాలి. పేరుని కూడా తిన్నగా పెట్టుకోలేదు మహానుభావుడు.

మనకి అలాంటి ధర్మశాస్త్రం లేదు. ఏ పత్రిక న్యాయం ఆ పత్రికది. అలాగని ఆట మనకి పరాయిది అనుకోవద్దు. అవధానంలో న్యస్తాక్షరి అని ఒక అంశం ఉంటుంది. ఫలానా పాదంలో ఫలానా చోట ఈ అక్షరం పడాలని పృచ్ఛకుడు అడుగుతాడు. అవధాని అర్థం చెడకుండా, ఛందస్సు తప్పకుండా ఆ అక్షరాన్ని అక్కడే దించుతాడు. గళ్ళు కనపడవు, అంతే తేడా. రాఘవపాండవీయంలో పింగళి సూరన ఒకే పద్యంలో రామాయణాన్నీ భారతాన్నీ నడిపించాడంటే రెండర్థాల ఆధారాలకి మనం భయపడడమేమిటి? ఇక పత్రికల కాలానికి వస్తే, శ్రీశ్రీ అంతటివాడు పదబంధ ప్రహేళికలు కూర్చాడు. ఆరుద్ర గళ్ళ నుడికట్లు కూర్చాడు. మహాప్రస్థానం రాసిన చెయ్యీ కూనలమ్మ పదాలు రాసిన చెయ్యీ ఈ నల్లగళ్ళూ తెల్లగళ్ళూ గీశాయి. మాటతో ఆడుకోవడం రానివాడికి కవిత్వం మాత్రం ఎక్కడొస్తుంది?

సరే, ఆట చట్టం తెలిసింది. ఇంక ఆడేవాళ్ళ సంగతి. ఇది ఇంకా గమ్మత్తు.

మా ఊరి గ్రంథాలయంలో వారపత్రిక వచ్చే రోజు పెద్దనాన్నా, లెక్కల మాస్టారూ తలుపు తియ్యకముందే అరుగు మీద ఉండేవాళ్ళు. వాళ్ళ మధ్య ఉన్న కట్టుబాట్లు ఎవరూ కాగితం మీద పెట్టినవి కావు. గ్రంథాలయం ప్రతిలో గళ్ళు నింపకూడదు. వేరే కాగితం మీద గీసుకోవాలి. ఎవరో పెన్నుతో నింపేసిన పుట కనపడితే పెద్దనాన్న ముఖం చూడాలి, ఇంట్లో దొంగలు పడ్డట్టుండేది. అదీ తప్పులతో నింపితే! పెన్సిలుతో నింపినవాడిని మనిషిగా గుర్తించేవాడు, క్షమించేవాడు కాదు.

రెండో కట్టుబాటు, అడగనిదే జవాబు చెప్పకూడదు.

"మాస్టారూ, పద్నాలుగు నిలువు వచ్చిందా?"

"ఆఁ, వచ్చింది."

"చెప్పకండి!"

"నేనేం చెప్పాను?"

"చెప్పలేదు, కానీ నవ్వుతున్నారు. నవ్వొచ్చే మాటన్నమాట. ఇంక తెలిసిపోతుంది. ఛ, పాడుచేశారు."

మధ్యలో నేను తగుదునమ్మా అని, "పెద్దనాన్నా, అది..." అన్నానో లేదో, "నిన్నెవడడిగాడురా?" అని కసిరేవాడు. జవాబు చెప్పడం సాయం చెయ్యడమని ఈ ఆట తెలియనివాళ్ళే అనుకుంటారు. సాయానికి మెట్లున్నాయి. ముందు, "ఆధారంలో మూడో మాట మళ్ళీ చదవండి" అనాలి. అప్పటికీ రాకపోతే, "అది ఊరి పేరు కాదేమో ఆలోచించండి" అనొచ్చు. మరీ బతిమాలితే ఒక అక్షరం, అదీ మొదటిది కాకుండా. తెలుగులో ఒక అక్షరం చెప్పడమంటే ఇంగ్లీషులో ఒక అక్షరం చెప్పడమంత తేలిక కాదు. ఒత్తుతో సహా "ల్లి" అని చెప్పేశాక ఇంక దాచడానికేం మిగిలింది?

మూడోది, తగువు. తగువు లేని గడి వారం వాళ్ళకి పండగ లేని నెల. కిటికీ అన్న మాటని ఎటునుంచి చదివినా ఒకటేనని ఒక కూర్పరి రాస్తే మాస్టారు మండిపడ్డారు. మొదటిది కి, చివరిది కీ. హ్రస్వదీర్ఘాలు తెలియనివాడికి గళ్ళెందుకని ఆయన వాదన. వికటకవి చూడండి, మందారదామం చూడండి, నటన చూడండి, ఎటు చదివినా వెంట్రుకవాసి తేడా రాదు. టమాట కూడా సరిగ్గా పడుతుంది. కానీ టమాటా అని దీర్ఘం తీసేవాళ్ళూ టమోటా అనేవాళ్ళూ ఉన్న రాష్ట్రంలో దాన్నెలా నమ్మడం? సున్నా ఎక్కడ పెట్టాలన్నది కొత్తవాళ్ళ తగువు. అది పక్క అక్షరంతో కలిసే ఉంటుంది, దానికి వేరే గడి ఇవ్వరు. బస్ అని రాస్తే చివరి పొల్లుకి గడి ఇవ్వాలా వద్దా అన్నది పెద్దవాళ్ళ తగువు. తెలివైన కూర్పరి బస్సు అని రాసి తప్పుకుంటాడు.

అన్నిటికన్నా రుచిగల తగువు మాత్రం ఉల్లిది. "కోస్తే ఏడిపిస్తుంది (4)". గుంటూరాయన ఉల్లిపాయ అని రాస్తాడు. వరంగల్లాయన ఉల్లిగడ్డ అంటాడు. అనంతపురమాయన ఎర్రగడ్డ అని రాసి ఇంకేముందంటాడు. మూడూ సరైన మాటలే, మూడూ సరిగ్గా నాలుగే గళ్ళు! ఎవరిది ఒప్పో నిలువు మాటలు తేల్చేదాకా ముగ్గురూ మీసాలు మెలేస్తూ కూచోవచ్చు. నా మటుకు నేను, ఇలా మూడు ప్రాంతాల నాలుకల్నీ ఒకే గడిలోకి లాక్కొచ్చిన ఆధారాన్ని మెచ్చుకుంటాను. అందులోనూ కూర్పరి గడుసువాడైతే దాన్ని ఇంకో మెలిక తిప్పుతాడు. "హైదరాబాదులో ఒక పేట, రాయలసీమలో కంటనీరు (4)". ఇప్పుడు ఇంక ఎర్రగడ్డ తప్ప ఇంకోటి పడదు, తగువూ లేదు. ఎక్కువ గళ్ళు కోస్తా మాటలతోనే నిండుతున్నాయని తెలంగాణ పాఠకులు చాలాకాలం చిన్నబుచ్చుకున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. పల్లీ అన్నా బుడ్డ అన్నా వేరుశనగే అని తెలియని కూర్పరి సగం తెలుగుతోనే ఆడుతున్నట్టు.

కూర్పరిని చదవడం నేర్చుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. మాట వెనక మనిషి ఉంటాడు. అతను ఏ ఊరివాడు, ఏం తింటాడు, ఏం చదివాడు అన్నది నాలుగు వారాలు గళ్ళు పూరిస్తే తెలిసిపోతుంది. పులస, పనస, పంటకాలవ తరచూ వస్తుంటే మనిషి గోదావరి గాలి పీల్చినవాడు. రాగాల పేర్లతో ఇబ్బందిపడ్డ చోటల్లా గట్టెక్కుతుంటే సంగీతం వచ్చినవాడు. దీనికి చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1944లో లండన్ డైలీ టెలిగ్రాఫ్ గళ్ళలో వరసగా కొన్ని మాటలు పడ్డాయి. యూటా, ఒమాహా, మల్బెరీ, నెప్ట్యూన్, ఓవర్‌లార్డ్. అవన్నీ జూన్ 6న నార్మండీ తీరంలో సేనలు దిగబోయే ఏర్పాటుకి సంబంధించిన రహస్య సంకేతాలు! గూఢచారి విభాగంవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆ కూర్పరిని పట్టుకున్నారు. చూస్తే ఆయన లెనార్డ్ డా అనే బడిపంతులు. ఎంత గద్దించినా ఏమీ దొరకలేదు, వదిలేశారు. నలభయ్యేళ్ళ తరవాత, 1984లో, ఆయన దగ్గర చదువుకున్న ఒకాయన గుట్టు విప్పాడు. పంతులుగారు ఖాళీ గళ్ళు పిల్లల చేతికిచ్చి మాటలు నింపమనేవారట. బడి దగ్గర్లోనే సైనికుల శిబిరాలు. పిల్లలు అక్కడ చెవినబడ్డ మాటలే రాసిచ్చారట. కూర్పరి చుట్టూ తిరిగే మాటలే గళ్ళలోకి వస్తాయని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంక నిఘంటువు సంగతి. దాన్ని చూడొచ్చా, చూడకూడదా? ఈ విషయంలో రెండు మతాలున్నాయి. గడంతా అయ్యేదాకా పుస్తకం ముట్టకూడదన్నది పెద్దనాన్న మతం. చూడకుండా ఎలా తెలుస్తుందన్నది ఇప్పటి పిల్లల మతం. నేను పిల్లల వైపే. ఎందుకంటే అమరకోశం బట్టీపట్టిన కూర్పరుల ముందు మనం నిరాయుధులం. "హరి" అన్న రెండక్షరాల్ని వాళ్ళు ఎంత వాడుకున్నారో చెప్పలేను. విష్ణువు, ఇంద్రుడు, యముడు, సూర్యుడు, చంద్రుడు, గాలి, కిరణం, సింహం, గుర్రం, కోతి, పాము, చిలుక, చివరికి కప్ప! ఆకాశంలోనివాడి నుంచి బావిలోనిదాని దాకా అన్నీ హరే. "కప్ప (2)" అని ఆధారమిచ్చి హరి అని జవాబిచ్చిన కూర్పరికి నిఘంటువు అండగా ఉండొచ్చు, నా సానుభూతి మాత్రం లేదు. అలాంటివాటికి ఇంటర్నెట్లో ఆంధ్రభారతి నిఘంటువుల్లో వెతుక్కుంటే పాపం లేదని నా అభిప్రాయం. గడప పడగ లాంటివి మాత్రం వెతకద్దు. వాటి సుఖమంతా అవి తట్టడంలోనే ఉంది.

ఇప్పుడు గ్రంథాలయం అరుగు మీద అంతమంది కనపడరు. మనుషులు ఎక్కడికీ పోలేదు, వాట్సాప్ గుంపుల్లోకి మారారు. హైదరాబాదులో మామయ్య పొద్దున్నే గడి ఫొటో తీసి పెడితే డాలస్‌లో మేనకోడలు రాత్రి భోజనం అయ్యాక అందుకుంటుంది. కట్టుబాట్లు మాత్రం అవే. సాయంత్రందాకా జవాబు పెట్టకూడదు. ఆత్రం ఆగక పెట్టినవాడిని గుంపులోంచి తీసేస్తారు, వారం తరవాత మళ్ళీ చేరుస్తారు. ఆ అమ్మాయికి ఇంగ్లీషు బళ్ళో చదివినందువల్ల అమరం రాదు, కానీ "తిరిగి" అన్న మాట కనబడిందంటే చాలు, మామయ్యకన్నా ముందు పసిగడుతుంది. "నీకంత తెలుగు ఎలా వచ్చిందే?" అని ఆయన ఆశ్చర్యపోతే, "తెలుగు కాదు మామయ్యా, మీ బుద్ధి తెలిసింది" అందట. ఆయనే ఆ గడి కూర్పరి లెండి.

మానేసినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటే ఒక్కటే మనవి. పత్రికలు మార్చకండి. ఒకే కూర్పరి గళ్ళు నాలుగైదు వారాలు పట్టుకోండి. మొదటివారం గళ్ళు సగం ఖాళీగా ఉంటే ఉండనివ్వండి. మరుసటి వారం వచ్చే జవాబుల్ని పక్కన పెట్టుకుని, ఒక్కో ఆధారంలో ఆయన గొంతు ఎక్కడ తగ్గించాడో చూడండి. ఆ పని చేసినవాళ్ళు మానెయ్యడం నేను చూడలేదు.

ఊరికే కబుర్లేనా అంటారేమో, ఇదిగో రెండు ఆధారాలు, నేను కూర్చినవే. సులువుది ముందు: "కడప తిరిగి వచ్చాక ఒళ్ళు వాల్చేది (3)". కాస్త కష్టమైంది: "మన వలసలో దాగిన పెద్ద కథ (3)". రెండూ నిఘంటువులో ఉండే మాటలే, వేలాడదీసినవి కావు. జవాబులు ఇక్కడ ఇవ్వను. మీకు ముందే తట్టి, పక్కనున్నవాళ్ళకి ఇంకా తట్టకపోతే, దయచేసి నోరు జారకండి. మరీ బతిమాలితే రెండో అక్షరం చెప్పండి, చాలు.